చంద్రగిరి కోటలో సున్నం నూరిన ఆదివారాలు

రిటైరైన రెండో నెలలో నా పాత విద్యార్థి ఒకతను ఇంటికొచ్చాడు. బైరాగిపట్టెడలో మా ఇల్లు వాళ్లందరికీ తెలుసు. ఇప్పుడతను ఒక కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్తున్నాడు. కాఫీ తాగుతూ అసలు సంగతి బయటపెట్టాడు. చంద్రగిరి కోటకు బడిపిల్లలు బస్సులు కట్టుకుని వస్తారు. రాజమహల్లో ఉన్న మ్యూజియాన్ని పది నిమిషాల్లో చుట్టేసి, బయట పచ్చిక మీద ఫోటోలు దిగి, పులిహోర పొట్లాలు విప్పుకుంటారు. ఆ శిల్పాల ముందు, ఆ గోడల ముందు నిలబడి వాళ్లకు నాలుగు మాటలు చెప్పేవాళ్లు కావాలి. జీతం లేదు, బస్సు చార్జీ కూడా ఎవరిది వాళ్లదే. నవంబరు 19 నుంచి 25 దాకా జరిగే వారసత్వ వారోత్సవాలకు మేమంతా తయారై ఉండాలి.

"నేను లెక్కల టీచర్ని కదా నాయనా" అన్నాను.

"చరిత్ర మేం నేర్పిస్తాం టీచర్. పిల్లకాయల ముందర నిలబడేది మీకు తెలుసు గదా. అది ఒకరు నేర్పిస్తే వచ్చేది కాదు."

ఆ మాటకు లొంగిపోయాను. తిరుపతి నుంచి చంద్రగిరి 12 కిలోమీటర్లు. 31 ఏళ్ల ఉద్యోగంలో ఆ ఊరి మీదుగా ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. కోటలోకి మాత్రం రెండే రెండుసార్లు వెళ్లాను, రెండుసార్లూ ఊరి నుంచి వచ్చిన చుట్టాలకు చూపించడానికే. ఇంటికి అంత దగ్గర్లో ఉన్నదాన్ని అన్నేళ్లు పట్టించుకోలేదన్న బాధ ఆ రోజు మొదటిసారి కలిగింది.

ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున మొదటి క్లాసు. మేము 11 మందిమి. డిగ్రీ చదివే ఆడపిల్లలు ముగ్గురు, పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన ఒకాయన, శిల్పం నేర్చుకుంటున్న ఒక కుర్రాడు, ఇద్దరు గృహిణులు, చంద్రగిరిలోనే పుట్టి పెరిగి ఆటో నడుపుకునే ఒక తమ్ముడు, ఇంకా కొందరు. మాకు నేర్పించే పెద్దాయన నలభై ఏళ్లుగా శాసనాలు చదువుతున్నారు. ఆయన్ని అందరం సార్ అనేవాళ్లం. అనుమతి కాగితం ముందే తెచ్చుకుని, దాన్ని ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి చేతిలో పట్టుకుని వచ్చారు. గోడకు మేకు కొట్టకూడదు, ఏదీ అంటించకూడదు, రాతి మీద నీళ్లు పోయకూడదు, ఏ పని చేసినా బయట వేపచెట్టు కింద టార్పాలిన్ పరుచుకుని దాని మీదే చేయాలి. శుక్రవారం మ్యూజియానికి సెలవు, ఆ రోజు ఎవరినీ రమ్మనకూడదు. మొదటి గంటంతా ఈ నియమాలతోనే సరిపోయింది.

తర్వాత కోట చుట్టూ తిప్పారు. కోట కథ నేను ఎప్పుడూ ముక్కలు ముక్కలుగా విన్నదే. సార్ దాన్ని ఒక వరుసలో పెట్టారు. ఈ కోటలో బలపడిన సాళువ నరసింహుడు 1485లో విజయనగర సింహాసనం ఎక్కాడు. 1565 జనవరిలో తళ్లికోట యుద్ధంలో ఓడిపోయాక ఆరవీటి వంశం వాళ్లు హంపి వదిలి పెనుకొండకు పోయారు, అక్కడి నుంచి ఇక్కడికి వచ్చారు. 1586 నుంచి 1614 దాకా ఏలిన వేంకటపతిరాయల కాలంలో ఇది రాజధాని. అంత పెద్ద సామ్రాజ్యం చివరి రోజుల్లో తల దాచుకున్న చోటు ఇది. 1646లో గోల్కొండ వాళ్ల చేతికి పోయింది, ఆ తర్వాత మైసూరు హైదరాలీ చేతికి. ఇదంతా విని రాజమహల్ వైపు తిరిగితే, అదే భవనం నాకు ఇంకోలా కనిపించింది. మూడంతస్తుల మేడ, కొండ నీడలో, పెద్ద యుద్ధం ఓడిన వాళ్లు దర్బారు చేసిన ఇల్లు.

సెప్టెంబరంతా శాసనాల పనే. తిరుమల, తిరుపతి, తిరుచానూరు గుళ్లలో అంతా కలిపి వెయ్యికి పైగా శాసనాలున్నాయి. ఎక్కువ భాగం తమిళంలో, మిగతావి తెలుగు, కన్నడ, సంస్కృతాల్లో. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి లాంటి వాళ్లు కూర్చుని వాటికి నకళ్లు తీసి చదివితే, 1930లలో దేవస్థానం వాటిని సంపుటాలుగా అచ్చువేసింది. ఆ నకలు ఎట్లా తీస్తారో పిల్లలకు చేసి చూపిస్తే బాగుంటుందని సార్ ఆలోచన. అసలు శాసనాన్ని ముట్టుకోకూడదు కాబట్టి, శిల్పం నేర్చుకునే కుర్రాడు ఒక నల్లరాతి పలక తెచ్చి, 16వ శతాబ్దపు తెలుగు అక్షరాల్లో మా పదకొండు మంది పేర్లూ చెక్కాడు. నా పేరు రాతి మీద చూసుకుని నేను చాలాసేపు వేలితో తడుముతూ కూర్చున్నాను.

పని చూడడానికి సులువు. రాతిని బ్రష్షుతో కడిగి, పలచటి కాగితాన్ని తడిపి దాని మీద పరుస్తారు. గట్టి కుచ్చుల బ్రష్షుతో నెమ్మదిగా కొడుతూ పోతే కాగితం అక్షరాల గాట్లలోకి దిగుతుంది. కొంచెం ఆరనిచ్చి, దీపపు మసిని జిగురు నీళ్లలో కలిపిన సిరాను గుడ్డ ఉండతో పైపైన అద్దుతారు. ఎత్తుగా ఉన్న చోటంతా నల్లబడుతుంది, గాట్లలో ఉన్న అక్షరాలు తెల్లగా మిగిలిపోతాయి. మొదటిసారి నేను గట్టిగా కొట్టాను, కాగితం చిరిగింది. రెండోసారి సిరా ఎక్కువైంది, అది అక్షరాల్లోకి దిగి అంతా అలికేసింది. మూడో ఆదివారం కాగితాన్ని ఒక మూల నుంచి మెల్లగా లేపి ఎండకు పట్టుకున్నప్పుడు నా ఒళ్లు జలదరించింది. నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసినట్టు తెల్లటి అక్షరాలు. జీవితమంతా నేను చూసిన రాతే అది, కాకపోతే ఈసారి అవతలి నుంచి ఎవరో నాకోసం రాసినట్టుంది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. గుళ్లలో శాసనం కనిపిస్తే చాలామంది అక్షరాలు స్పష్టంగా కనపడాలని సుద్దో బొగ్గో రుద్దుతారు, ఫోటో తీసుకుంటారు. దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు. సాయంత్రం ఏటవాలుగా పడే ఎండలో చూడండి, లేదా ఫోన్ లైటును పక్క నుంచి పట్టండి. నీడ పడి అక్షరం దానంతటదే లేచి నిలబడుతుంది.

అక్టోబరులో ఒక సంస్థ వాళ్లు వచ్చి, బట్టలకు డబ్బులిస్తామన్నారు. రాజు, రాణులు, సేనాధిపతి వేషాలు వేసి పిల్లల ముందు నాటకంలా ఆడాలన్నది వాళ్ల కోరిక. మాలో డిగ్రీ చదివే ఒక అమ్మాయిని కృష్ణదేవరాయల రాణి చిన్నాదేవి వేషం వేయమన్నారు. ఆ పిల్ల సంతోషం చూడాలి! జడకుచ్చులు, వడ్డాణం, అన్నీ అద్దెకు ఎక్కడ దొరుకుతాయో ఆ సాయంత్రమే కనుక్కుంది. కృష్ణదేవరాయలతో ఏం మాట్లాడాలో రెండు పేజీలు రాసుకుని వచ్చే వారం తెచ్చింది. నిజంగా బాగా రాసింది.

సార్ అంతా విని, "చాలా బాగుందమ్మా. ఇందులో ఆమె అన్న మాట ఏదన్నా ఉందా?" అని అడిగారు.

ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. నాకు కూడా మనసుకు కష్టమైంది, అంత ఉత్సాహంగా వచ్చిన పిల్లను ఎందుకు ఆపాలి అనిపించింది. సార్ మాత్రం ఆపడానికి అడగలేదు. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, తిరుమల శాసనాల సంపుటం తెరిచి చూపించారు. కృష్ణదేవరాయలు 1513 ఫిబ్రవరి 10న మొదటిసారి తిరుమలకు వచ్చాడు, 1521 లోపల ఏడుసార్లు వచ్చాడు. ఆ మొదటి రాకలోనే చిన్నాదేవి, తిరుమలదేవి స్వామి పాల ఆరగింపుకు బంగారు గిన్నెలు సమర్పించారు. ఆ సంగతి రాతి మీద ఉంది. తిరుమల గుడిలోపల రాయలు ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడిన రాగి విగ్రహాలను మనమందరం క్యూలో పోతూ చూసినవే. వాటి భుజాల మీద పేర్లు చెక్కి ఉన్నాయి. అందువల్లనే ఎవరు ఎవరో మనకు తెలిసింది.

తర్వాతి వారం ఆ అమ్మాయి మామూలు లంగా ఓణీలో వచ్చింది. కిరీటం లేదు, వడ్డాణం లేదు. చేతిలో ఇంటి నుంచి తెచ్చిన ఇత్తడి గిన్నె, అందులో పాలు. "నేను చిన్నాదేవిని కాదు. అయిదు వందల ఏళ్ల కిందట చిన్నాదేవి అనే ఆమె ఇట్లాంటి గిన్నె ఒకటి బంగారంతో చేయించి కొండకు తీసుకుపోయింది. ఆమె ఏం మొక్కుకుందో ఎవరూ రాసిపెట్టలేదు. గిన్నె ఇచ్చిన సంగతి రాసిపెట్టినారు" అని మొదలుపెట్టింది. వేపచెట్టు కింద మేమందరం కదలకుండా విన్నాం. ఆ రెండు పేజీల సంభాషణకన్నా ఈ గిన్నె ఎంత దగ్గరగా తెచ్చిందో ఆమెను! ఆ సంస్థ వాళ్లకు ఇది నచ్చలేదు, తర్వాత రాలేదు. మాకు దానివల్ల పోయింది ఏమీ లేదు.

ఇదంతా పక్కనుండి చూసి కూడా, నా వంతు వచ్చేసరికి నేనే తప్పు చేశాను.

వారోత్సవాలకు ముందు పరీక్షగా ఒక ఊరి హైస్కూలు పిల్లలను పిలిచాం. ఆరో తరగతి, 40 మంది. నాకు రాజమహల్ ముందు పదిహేను నిమిషాలు ఇచ్చారు. మా చిన్నప్పటి నుంచి అందరూ చెప్పుకునే గంట కథ ఎత్తుకున్నాను. తిరుమలలో స్వామికి నైవేద్యం అవ్వగానే గంట కొడతారు, ఆ శబ్దం విని తర్వాతి మండపంలో గంట, అది విని దాని తర్వాతి మండపంలో గంట, అట్లా అట్లా చంద్రగిరి దాకా వినపడేది, అది విన్నాకే ఇక్కడ రాయలు అన్నం ముందు కూర్చునేవాడు. నాకు కథ చెప్పడం వచ్చు. గొంతు పెంచి, తగ్గించి, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, గంట విన్నట్టు ఆగి, అంతా చేశాను. పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు.

ముందు వరసలో కూర్చున్న ఒక బక్క పిల్ల లేచి, "మీరు చూసినారా టీచర్?" అంది.

అందరూ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. వెక్కిరించడానికి అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"లేదమ్మా."

"మరి ఎట్ల తెలుసు?"

నాకు నోట మాట రాలేదు. 31 ఏళ్లు రేఖాగణితం చెప్పినదాన్ని. దత్తాంశంలో లేని మాటను నిరూపణలోకి తెచ్చిన పిల్లలకు నిర్దాక్షిణ్యంగా మార్కులు కోసినదాన్ని. ఆ పిల్ల అడిగింది నేను బోర్డు దగ్గర రోజూ అడిగిన ప్రశ్నే. ఏదో చెప్పి దాటేశాను. ఏం చెప్పానో ఇప్పుడు రాయడానికి కూడా మనసు ఒప్పడం లేదు. పిల్లలు బస్సెక్కాక సార్ దగ్గరికి పోయి, ఇక నేను రాలేను, నాకు ఈ పని చేతకాదు అన్నాను.

సార్ చెప్పిన మాట నేను జీవితంలో మర్చిపోను. "మీరు చెప్పిన కథలో తప్పు లేదు టీచర్. తప్పంతా క్రియలో ఉంది. 'కూర్చునేవాడు' అన్నారు. 'కూర్చునేవాడంట' అనుంటే ఆ పిల్ల లేచేదే కాదు."

అంట! ఎంత చిన్న మాట. మా జేజి నోట ప్రతి కథా ఆ మాటతోనే నడిచేది. ఒక ఊళ్లో ఒక రాజు ఉన్నాడంట, వానికి ఏడుగురు కొడుకులంట. మన ఊళ్లో ఎవరైనా అబద్ధం చెప్పకుండా వదంతి చెప్పాలంటే ఆ ఒక్క మాట చాలు. పక్కింటాయన అమ్మాయికి పెళ్లి కుదిరిందంట. నేను చూడలేదు, విన్నాను, నీకు చెప్తున్నాను, నువ్వు ఎంత నమ్మాలో నీ ఇష్టం. అన్నీ అందులోనే ఉన్నాయి. చదువుకున్న వాళ్లం సభల్లో మాట్లాడేటప్పుడు ఆ మాటను పల్లెటూరి మాట అని వదిలేశాం. వదిలేసిన చోట నిజానికీ విన్నదానికీ మధ్య ఉన్న గట్టు తెగిపోయింది.

ఆ రోజు నుంచి మేము పదకొండు మందిమీ ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. రాతి మీదో రాగి మీదో కాగితం మీదో ఉన్నదైతే 'కట్టించాడు', 'ఇచ్చాడు'. జనం చెప్పుకునేదైతే 'అంట'. రెండూ చెప్పాలి, ఏదీ దాచకూడదు. గంట కథను చెప్పకుండా మానేస్తే ఈ ఊరి వాళ్లు కోటను ఎట్లా ప్రేమించారో పిల్లలకు తెలియదు. మద్రాసు సంగతి కూడా అంతే. 1639 ఆగస్టులో ఈస్టిండియా కంపెనీ వాళ్లకు మద్రాసు పట్నం స్థలం ఇచ్చింది దామెర్ల వేంకటాద్రి నాయకుడు, చెన్నపట్నం పేరు వాళ్ల నాయన చెన్నప్ప నాయకుడి మీద వచ్చింది, అప్పుడు ఆ నాయకుడి పైన ఏలే రాయలు చంద్రగిరి రాయలే. ఇంతవరకు 'అంట' లేదు. ఈ మేడలోనే కూర్చుని ఆ కాగితం మీద సంతకం పెట్టినారంట, అది ఊరి మాట. ఆటో తమ్ముడు దీన్ని అందరికన్నా అందంగా చెప్పేవాడు. 'అంట' దగ్గరికి వచ్చేసరికి ఒక్క అడుగు వెనక్కి వేసేవాడు. పిల్లలు రెండో రోజుకే కనిపెట్టేశారు, వాడు వెనక్కి జరగ్గానే వాళ్లే 'అంట!' అని అరిచేవాళ్లు.

మాకు వచ్చేవాళ్లలో వేలూరు, చెన్నై వైపు నుంచి వచ్చే తమిళులు చాలామంది. చిత్తూరు జిల్లాలో పెరిగిన మాకు తమిళం మాట్లాడడం కష్టం కాదు. వాళ్లకు చెప్పేటప్పుడు 'కట్టినారామ్' అంటే సరిపోతుంది, తమిళంలో ఆ 'ఆమ్' చేసే పని ఇదే. బెంగళూరు నుంచి వచ్చినవాళ్లకు 'కట్టిసిదనంతె'. హిందీ వాళ్లకు మాత్రం 'కహతే హై' అని ముందే చెప్పుకోవాలి, మాట చివర ఒక తోక తగిలిస్తే అవ్వదు. దక్షిణాది భాషలు ఈ సంగతిలో ఇంత జాగ్రత్తగా ఉన్నాయని నాకు ఇన్నేళ్లూ తెలియదు, ఈ కోటకు వచ్చాకే తెలిసింది.

లెక్కల టీచరుగా నేను చేర్చినది ఒకటుంది, అది కూడా చెప్పుకోవాలి. ఏడాది సంఖ్య చెప్తే ఆరో తరగతి పిల్లలకు ఏమీ అందదు, 1485 అన్నా 1845 అన్నా ఒకటే. అందుకని ఒక పొడవాటి కొబ్బరితాడు తెచ్చి పచ్చిక మీద పరిచాను. వందేళ్లకు ఒక మీటరు, మీటరుకొక ఎర్రగుడ్డ ముడి. ఒక కొసన ఈ రోజు. ఒక పిల్లవాణ్ణి స్వాతంత్ర్యం వచ్చిన చోట నిలబడమంటే వాడు ఒక్క అడుగు వేసి ఆగిపోయాడు, మీటరు కూడా లేదు! మద్రాసు సంగతి నాలుగు మీటర్లకు కొంచెం ఇవతల. తళ్లికోట నాలుగున్నర దాటి. చిన్నాదేవి గిన్నె ఐదు మీటర్లు దాటాక. తెలుగులో దొరికిన తొలి శాసనాల్లో ఒకటైన కలమళ్ల శాసనం, క్రీ.శ. 575 నాటిది, పద్నాలుగున్నర మీటర్ల దగ్గర. మ్యూజియంలో గుడిమల్లం నుంచి వచ్చిన శిల్పాలున్నాయి, గండికోట, యాగంటి నుంచి తెచ్చినవి కూడా ఉన్నాయి. ఆ గుడిమల్లం గుడిలో ఇవాళ్టికీ పూజలందుకునే శివలింగం క్రీస్తుకు ముందుది, దాని చోటుకు పొమ్మంటే పిల్లలు ఇరవై మీటర్లు దాటి చెట్ల దాకా పరుగెత్తారు. అక్కడ నిలబడి వెనక్కి తిరిగి చూసి, స్వాతంత్ర్యం దగ్గర నిలబడ్డ వాణ్ణి పేరు పెట్టి పిలిచారు. వాడు చెయ్యి ఊపాడు. ఆ దూరం వాళ్ల కాళ్లకు తెలిసిపోయింది.

ఇక సున్నం. ఈ పని ఎవరూ తీసుకోలేదు, చేతులు పాడవుతాయని. గంట కథ దగ్గర దెబ్బ తిన్నాక నాకు మాటలతో పని లేనిదేదైనా చేయాలనిపించింది, నేను తీసుకుంటానన్నాను.

రాజమహల్ కట్టడంలో కర్ర వాడలేదు. రాయి, ఇటుక, సున్నం, అంతే. మూడంతస్తులు కమానుల మీద, గుమ్మటాల మీద నిలబడ్డాయి. చూసేవాళ్లందరూ రాజు ఎక్కడ కూర్చునేవాడని అడుగుతారు, ఆ సున్నం నూరిన వాళ్లు ఎక్కడ కూర్చునేవాళ్లని ఎవరూ అడగరు. కోటకు ప్రాణం పోయాలంటే అక్కడి నుంచి మొదలుపెట్టాలని నాకు గట్టిగా అనిపించింది.

తిరుపతిలో పాత తాపీమేస్త్రి ఒకాయన నాకు నేర్పించాడు. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే అందులోని గాలి పోయి రాతిసున్నం అవుతుంది. దాని మీద నీళ్లు పోస్తే బుసబుసమని పొంగి, పొగలు కక్కి, చెయ్యి పెట్టలేనంత వేడెక్కి, చివరికి పొడిగా రాలిపోతుంది. దీన్ని చల్లార్చడం అంటారు. పిల్లల ముందు ఈ ఒక్క పని మేస్త్రే చేసేవాడు, కళ్లకు అద్దాలు పెట్టుకుని, పిల్లలను పది అడుగుల అవతల కూర్చోబెట్టి. కంట్లో పడితే చూపే పోతుంది. తర్వాత ఒక పాలు సున్నానికి రెండు పాళ్లు జల్లించిన ఇసుక. కరక్కాయలు, బెల్లం నానబెట్టిన నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ నూరాలి. పాత రోజుల్లో గుండ్రటి గాడి తవ్వి, అందులో పెద్ద రాతిచక్రం ఎద్దులతో తిప్పించేవాళ్లు, అదే గానుగసున్నం. మాకు ఎద్దులు లేవు, ఒక పెద్ద రోలు, పొత్రం ఉన్నాయి. గోడకు పూశాక అది నెమ్మదిగా గాలిని మళ్లీ పీల్చుకుని గట్టిపడుతుంది. రాయిగా బయలుదేరింది మళ్లీ రాయి అవుతుంది. ఈ మాట చెప్తే పిల్లలు పోయి గోడను కళ్లతో తడిమేవాళ్లు. చేత్తో ముట్టుకోవద్దని చెప్పాం కదా.

నాకు రెండో వారానికే వేళ్ల మధ్య చర్మం పగిలింది. రాత్రి కొబ్బరినూనె రాసుకుని పడుకుంటే మంటకు నిద్ర పట్టేది కాదు. మా అబ్బాయి ఫోన్‌లో కేకలేశాడు, ఈ వయసులో నీకెందుకమ్మా అని. రబ్బరు తొడుగులు తెచ్చుకున్నాను. కానీ తొడుగులుంటే పదును తెలియదు. ముద్దను రెండు వేళ్ల మధ్య రుద్దితే గరుకు తగలకూడదు, తాపీకి అంటుకుని వదలకుండా ఉండకూడదు. ఆ పదును చూసేటప్పుడు మాత్రం తొడుగు తీసేదాన్ని.

వారోత్సవాల్లో మొదటి నాలుగు రోజులు మేము అనుకున్నదానికన్నా ఎక్కువ బడులు వచ్చాయి. వర్షం ఒక రోజు అంతా పాడుచేసింది. గొంతులు పోయాయి. అవన్నీ రాయడం ఎందుకు, రాయాల్సింది ఐదో రోజు సంగతి.

ఆ రోజు దగ్గర్లోని ఒక పల్లె బడి పిల్లలు వచ్చారు, వాళ్లతో పాటు ఒక ముసలమ్మ. మనవరాలిని ఒక్కదాన్నే పంపడం ఇష్టం లేక బస్సెక్కేసిందట. ఎనభై ఉంటాయేమో. నేను రోలు ముందు కూర్చుని నూరుతూ, ఎట్లా నూరేవాళ్లో చెప్తున్నాను. పాత మేస్త్రి దగ్గర విన్నదంతా ఒక్కో మాటకూ 'అంట' పెట్టి మరీ చెప్తున్నాను. అవ్వ పిల్లల వెనక నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత పిల్లలను పక్కకు జరిపి ముందుకొచ్చి, రోట్లోంచి ఇంత ముద్ద తీసి బొటనవేలితో నలిపింది.

"బెల్లం నీళ్లు ఎక్కువ పోసినావు అమ్మణ్ణీ. ఇది ఆరేది కాదు, జిగటబారి కారిపోతాది."

నేను లేచి నిలబడ్డాను. అవ్వ నా పీట మీద కూర్చుంది. కొంగు నడుముకు చెక్కింది. ఇంత ఇసుక వేయమని సైగ చేసి, పొత్రాన్ని రెండు చేతులా పట్టుకుని తిప్పడం మొదలుపెట్టింది. నేను భుజాలతో తిప్పుతున్నాను ఇన్నాళ్లూ. ఆమె నడుముతో తిప్పింది, ఒళ్లంతా ముందుకీ వెనక్కీ ఊగుతూ, చేతులు ఊరికే పొత్రం మీద ఆనించినట్టు. రోట్లో శబ్దం మారిపోయింది. కరకర పోయి మెత్తగా, దోసెపిండి రుబ్బినట్టు వచ్చింది.

ఆమె మనవరాలికి ఏం జరుగుతోందో అర్థం కాలేదు. "అవ్వా, వీళ్లు ఎట్ల నూరేవాళ్లో నువ్వు చూసినావా?" అని అడిగింది.

"చూసేదేంది మే" అంది అవ్వ, పొత్రం ఆపకుండానే. "నేనే నూరినా. మీ జేజినాయనను కట్టుకోకముందు. బావులకు నూరినా, మిద్దెలకు నూరినా. గానుగ తిరగతా ఉంటే ఎద్దుల ఎనకాల నడస్తా సున్నం లోపలికి తోసేది నేనే. కాళ్లు చూడు." చీర కొంచెం పైకి లాగి పాదం చూపించింది. మడమ పైన పాతకాలపు తెల్లటి మచ్చలు, సున్నం కాల్చినవి.

నలభై మంది పిల్లలూ ఆ పాదం చుట్టూ కూర్చుండిపోయారు. రాజమహల్ వైపు ఎవరూ చూడడం లేదు. ఒకడు, కూలి ఎంతిచ్చేవాళ్లు అన్నాడు. ఇంకొకతె, ఎండలోనేనా అంది. అవ్వ ఒక్కొక్కదానికీ జవాబు చెప్తూనే నూరింది. ఒక్కసారి కూడా 'అంట' అనలేదు.

సార్ నోట్‌బుక్ తీసి, ఆమె చెప్పేదంతా తేదీ వేసి రాసుకుంటున్నారు. నేను తొడుగులు విప్పి పక్కన పెట్టి, అవ్వ చెప్పినప్పుడల్లా ఇసుక, చెప్పినప్పుడల్లా నీళ్లు అందించాను. ముద్ద పదునుకొచ్చాక ఆమె నా చెయ్యి లాగి అందులో ఇంత పెట్టి, "ఇప్పుడు చూడు" అంది. వేళ్ల మధ్య నలిపాను. వెన్నలా ఉంది.

బస్సు హారన్ కొడుతుంటే వెళ్తూ వెళ్తూ, మళ్లీ ఎప్పుడు నూరుతారని అడిగింది. ఆదివారాలు ఉంటామని చెప్పాను. మరుసటి ఆదివారం నేను పోయేసరికి వేపచెట్టు కింద కూర్చుని ఉంది. కరక్కాయలు తనే తెచ్చుకుంది, మూటగట్టి.